వార్తా ఫోటోలు, అవార్డులు, ఆ ఫోటోల్లోని మనుషులు: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం జిల్లాలో ఇరవై రెండేళ్లు పత్రికలకు ఫోటోలు తీశాను. ఇప్పుడు ఆదివారాలు పలాసలో, అప్పుడప్పుడు విజయనగరంలో, కెమెరా నేర్చుకునే పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఎక్కడికెళ్లినా దాదాపు ఇవే ప్రశ్నలు ఎదురవుతున్నాయి. కొన్ని పిల్లలు అడిగినవి, కొన్ని వాళ్ల అమ్మానాన్నలు అడిగినవి. రెండు మాత్రం నా ఫోటోల్లో ఉన్నవాళ్లే నన్ను నిలదీసి అడిగినవి. వాటికి జవాబు చెప్పడానికే ఎక్కువ కష్టపడ్డాను.

పెళ్లి ఫోటోలకూ వార్తా ఫోటోలకూ తేడా ఏమిటి మాస్టారూ?

పెళ్లిలో తలంబ్రాల ఫోటో సరిగ్గా పడకపోతే "ఇంకోసారి పోయండమ్మా" అని అడగొచ్చు. వార్తలో అలా అడగకూడదు. జరిగింది జరిగినట్టే రావాలి. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అనేది కింద తప్పుల్లేకుండా రాయాలి. ఫోటో సగం, క్యాప్షన్ సగం. మన జిల్లాల్లో చాలామంది ముహూర్తాల రోజుల్లో పెళ్లిళ్లు తీసి, మిగతా రోజుల్లో పేపర్‌కు తీస్తారు. అందులో తప్పేమీ లేదు. జనం మధ్య అడ్డం రాకుండా మసలడం నాకు నేర్పింది పెళ్లిళ్లే.

అందరూ చెప్పే పెద్ద అవార్డులు ఏవి?

ఎక్కువగా వినిపించేవి రెండు. మొదటిది పులిట్జర్. అమెరికాలో కొలంబియా యూనివర్సిటీ తరఫున ఇస్తారు. ఫోటోలకు 1942 నుంచి ఇస్తున్నారు. 1968లో దాన్ని రెండు చేశారు. అప్పటికప్పుడు జరిగిన ఘటనలకు ఒకటి, ఒక విషయాన్ని పట్టుకుని నిదానంగా తీసే ఫీచర్ ఫోటోలకు ఇంకొకటి. రెండోది వరల్డ్ ప్రెస్ ఫోటో. 1955లో నెదర్లాండ్స్‌లో మొదలైంది, ఆమ్‌స్టర్‌డామ్ కేంద్రంగా నడుస్తోంది. ఏ దేశంలో పనిచేసే వృత్తి ఫోటోగ్రాఫర్ అయినా దీనికి పంపొచ్చు. ఎంట్రీ ఫీజు లేదు. ఇచ్ఛాపురంలో కూర్చున్నవాడు కూడా పంపొచ్చని చెబితే పిల్లలు నమ్మరు. నిజంగానే పంపొచ్చు.

మన దేశం వాళ్లకు వచ్చాయా?

వచ్చాయి. ఒక్కొక్కటీ తెలుసుకోవాల్సిందే.

1984 డిసెంబర్ 2 అర్ధరాత్రి భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ నుంచి విషవాయువు వెలువడింది. ఆ తర్వాత ఒక పసిబిడ్డను పూడ్చిపెడుతుండగా ఇద్దరు ఫోటోగ్రాఫర్లు అక్కడున్నారు. రఘు రాయ్ బ్లాక్ అండ్ వైట్‌లో తీశారు, పాబ్లో బార్తలోమ్యూ రంగుల్లో తీశారు. మట్టిలోంచి కనిపిస్తున్న చిన్న మొహం, దాని మీద ఒక చెయ్యి. పాబ్లో తీసిన దానికి వరల్డ్ ప్రెస్ ఫోటో ఆఫ్ ది ఇయర్ దక్కింది. ఆ బిడ్డ ఎవరో ఇప్పటికీ తెలియదు. ప్రపంచమంతా చూసిన ఆ మొహానికి ఒక పేరు లేదు.

2004 సునామీ తర్వాత కడలూరులో ఆర్కో దత్తా తీసిన ఫోటోకు కూడా అదే అవార్డు వచ్చింది. ఒక స్త్రీ ఇసుకలో బోర్లా పడి, అరచేతులు పైకి తిప్పి ఏడుస్తుంది. చనిపోయిన మనిషి చెయ్యి మాత్రమే ఫ్రేమ్ అంచున కనిపిస్తుంది. మన తీరంలో పుట్టినవాళ్లకు ఆ ఇసుకను పరిచయం చేయక్కర్లేదు.

రోహింగ్యా శరణార్థుల ఫోటోలకు 2018లో రాయిటర్స్ వార్తాసంస్థ బృందానికి పులిట్జర్ వచ్చింది. అందులో డానిష్ సిద్ధిఖీ, అద్నాన్ అబిదీ ఉన్నారు. 2020లో కశ్మీర్ ఫోటోలకు అసోసియేటెడ్ ప్రెస్ అనే అమెరికా వార్తాసంస్థ తరఫున దార్ యాసిన్, ముఖ్తార్ ఖాన్, చన్నీ ఆనంద్‌లకు వచ్చింది. ఆ ఫోటోలు తీసిన 2019లో కశ్మీర్‌లో ఫోన్లు, ఇంటర్నెట్ బంద్. ఎయిర్‌పోర్టుకు వెళ్లి, ఢిల్లీ విమానం ఎక్కేవాళ్లను బతిమాలి, వాళ్ల చేతికి ఫోటో ఫైళ్లు ఇచ్చి పంపేవాళ్లు. సిగ్నల్ దొరక్క ఫోటో ఆగిపోయిందని మా వాళ్లు సాకు చెప్పినప్పుడల్లా ఈ సంగతి చెబుతాను. 2022లో కోవిడ్ ఫోటోలకు అద్నాన్ అబిదీ, సన్నా ఇర్షాద్ మట్టూ, అమిత్ దవే, డానిష్ సిద్ధిఖీలకు వచ్చింది. అప్పటికి డానిష్ లేరు. 2021 జూలై 16న అఫ్గానిస్తాన్‌లోని స్పిన్ బోల్దక్ దగ్గర పోరు మధ్యలో చనిపోయారు.

అవార్డులన్నీ చావులకూ ఏడుపులకేనా? మంచి జరిగితే ఫోటో కాదా?

ఈ మాట అడిగేది ఎక్కువగా తల్లులు. వాళ్ల బాధ నిజమే. పైడితల్లమ్మ సిరిమాను తీస్తే జిల్లా పేజీలో పెద్దగా వేస్తారు, కానీ ఆమ్‌స్టర్‌డామ్ నుంచి ఫోన్ రాదు. వార్తకు కష్టం వైపు మొగ్గు ఉంటుంది, అవార్డుకు ఇంకా ఎక్కువ.

నన్ను ఇబ్బంది పెట్టేది వేరే ఉంది. దూరంగా ఉన్న పేదవాడి శవాన్ని చూపించినంత తేలిగ్గా, దగ్గరున్న పెద్దింటి శవాన్ని ఏ పేపరూ చూపించదు. జనరల్ బోగీలో చనిపోయినవాడి మొహం క్లోజప్‌లో వస్తుంది, ఏసీ బోగీ మనిషిది రాదు. నేను పెట్టుకున్న నియమం ఒకటే. కలెక్టర్ గారి ఇంట్లో జరిగితే ఏ ఫోటో తీయనో, మత్స్యకారుల గుడిసెలో జరిగినా అది తీయను.

2023 అక్టోబర్ 29 రాత్రి కంటకాపల్లి దగ్గర పలాస ప్యాసింజర్‌ను రాయగడ రైలు గుద్దింది. పద్నాలుగు మంది పోయారు. పట్టాల దగ్గర నేను చాలా ఫోటోలు తీశాను. కానీ ఇప్పటికీ దాచుకున్నది విజయనగరం పెద్దాసుపత్రిలో తీసినది. గోడకు అంటించిన క్షతగాత్రుల పేర్ల కాగితం, దాని మీద ఒక ముసలాయన వేలు. పేరు పేరుకూ ఆగుతూ కిందికి దిగుతోంది. గోరు పక్కన మట్టి ఎండిపోయి ఉంది. చదువు రానందువల్ల మొదటి అక్షరం మాత్రమే పోల్చుకుంటున్నాడు. ఆ ఫోటో తీశాక కెమెరా మెడలో వేసుకుని, ఆ కాగితం మొత్తం ఆయనకు చదివి వినిపించాను.

రాబందు ఫోటో తీసినవాడు ఆ బిడ్డను కాపాడలేదట కదా?

ప్రతి బ్యాచ్‌లోనూ వచ్చే ప్రశ్న ఇది. సగం విని తీర్పు చెప్పేస్తారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

కెవిన్ కార్టర్ దక్షిణాఫ్రికా ఫోటోగ్రాఫర్. 1993 మార్చిలో కరువుతో, యుద్ధంతో నలిగిపోతున్న దక్షిణ సూడాన్‌కు వెళ్లాడు. ఆహారం పంచే కేంద్రం దగ్గర్లో ఒక బక్క బిడ్డ నేల మీద కుప్పకూలి ఉంది, వెనకాల ఒక రాబందు వాలి ఉంది. ఆ ఫోటో మార్చి 26న న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చింది. బిడ్డ ఏమైంది అని చదివినవాళ్లు వరుసగా అడగడంతో పత్రిక కొన్ని రోజుల తర్వాత వివరణ వేసింది. రాబందును తోలేశాక బిడ్డ లేచి మళ్లీ నడక మొదలుపెట్టిందనీ, కేంద్రానికి చేరిందో లేదో తెలియదనీ చెప్పింది. 1994లో పులిట్జర్ వచ్చింది. కొన్ని నెలలకే, జూలైలో, 33 ఏళ్ల వయసులో కార్టర్ ఆత్మహత్య చేసుకున్నాడు.

"ఆ పాపం తగిలి చచ్చిపోయాడు" అని ఫోన్లలో తిరిగే కథను నేను ఒప్పుకోను. అప్పుల బాధ ఉంది. దక్షిణాఫ్రికాలో ఏళ్ల తరబడి కళ్లారా చూసిన హత్యలు ఉన్నాయి. ఆ ఏప్రిల్‌లోనే ప్రాణమిత్రుడైన ఫోటోగ్రాఫర్ కెన్ ఊస్టర్‌బ్రూక్ కాల్పుల్లో పోయాడు. ఒక మనిషి చావుకు ఒక్క ఫోటోను కారణం చేయడం అన్యాయం.

అయినా చదివినవాళ్లు అడిగిన ఆ ప్రశ్న ఉందే, బిడ్డ ఏమైంది అని, అది సరైన ప్రశ్న. పేపర్ దగ్గర ఆ రోజు దానికి జవాబు లేదు. చాలా ఏళ్ల తర్వాత కొందరు విలేకరులు అక్కడికి వెళ్లి వాకబు చేస్తే, ఆ బిడ్డ మగపిల్లాడనీ, అప్పుడు బతికి బయటపడ్డాడనీ, పెద్దయ్యాక జ్వరంతో పోయాడనీ ఇంటివాళ్లు చెప్పారు. మనం తీసే ప్రతి ఫోటోకు కూడా ఎవరో ఒకరు ఆ ప్రశ్న వేస్తారు. ఎవరూ వేయకపోతే మనమే వేసుకోవాలి.

సాయం చేయాలా, ఫోటో తీయాలా?

నువ్వు తప్ప ఇంకెవరూ లేకపోతే సాయమే. అంబులెన్సూ డాక్టరూ ఉన్నచోట నువ్వు వెళ్లి చెయ్యి పెడితే అడ్డమే, నీ పని నువ్వు చెయ్యి.

రెండూ చేసినవాళ్లు ఉన్నారు. 1972 జూన్ 8న వియత్నాంలో నాపామ్ బాంబు మంటల్లోంచి బట్టల్లేకుండా పరుగెత్తుకొస్తున్న పాప ఫోటో అందరికీ తెలుసు. అది తీసింది అసోసియేటెడ్ ప్రెస్ ఫోటోగ్రాఫర్ నిక్ ఉట్ అని చెబుతూ వచ్చారు. ఆ పాపను వ్యానులో ఆసుపత్రికి చేర్చింది కూడా ఆయనే. ఆ ఫోటోకు 1973లో పులిట్జర్ వచ్చింది. అసలు తీసింది ఆయనేనా అన్న వివాదం ఈమధ్య లేచింది. 2025 మేలో వరల్డ్ ప్రెస్ ఫోటో ఆ ఫోటోకు ఆయన పేరు చూపడం నిలిపివేసింది. అసోసియేటెడ్ ప్రెస్ మాత్రం ఆయన పేరునే ఉంచింది. ఆ గొడవ ఎటు తేలినా, పాపను ఆసుపత్రికి చేర్చిన సంగతి మారదు.

మన జిల్లాల్లో అలాంటి కథలు ఉన్నాయా?

ఉన్నాయి, ఒక మనిషి జీవితానికి సరిపడా ఉన్నాయి. 2010 జూలై 14న సోంపేట బీల (చిత్తడి) భూముల దగ్గర, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో, థర్మల్ ప్లాంట్లు వద్దన్న జనం మీద పోలీసు కాల్పులు జరిగాయి, మనుషులు పోయారు. 2017 జనవరిలో కూనేరు దగ్గర హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పింది. ఇక్కడ పని దొరక్క గుజరాత్ వెరావల్ వెళ్లి బోట్లెక్కిన మన మత్స్యకారులు 2018 చివర్లో పాకిస్తాన్‌కు చిక్కారు. 2020 జనవరిలో వాఘా దాటి ఇంటికొచ్చారు. ఆ ఏడాది పైచిలుకు కాలమూ తలుపు దగ్గర కూర్చున్న ఆడవాళ్ల ఫోటోలు ఎంతమంది తీశారు? వచ్చిన రోజు మాత్రం కెమెరాలన్నీ ఉన్నాయి.

తిత్లీ తుఫాను 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున వజ్రపుకొత్తూరు వైపు తీరం దాటింది. మర్నాడు ఉద్దానం వెళ్తే కొబ్బరి చెట్లన్నీ దువ్వినట్టు ఒకే వైపు పడి ఉన్నాయి. ఒక మామ్మ పడిన మాను మీద కూర్చుని, పక్కనున్న ఒక్కో చెట్టునూ చూపిస్తూ చెప్పింది. "ఇది మా పెద్దోడు పుట్టిన ఏడు ఏసినాం బాబూ. అది సిన్నదానికి." నేను ఆ మాటలు రాసుకోలేదు, ఫోటో మాత్రమే తీశాను. పేపర్లో "నేలకొరిగిన కొబ్బరి" అని వచ్చింది. చెట్లకు పేర్లున్నాయన్న సంగతి ఆ క్యాప్షన్‌లో లేదు. అది నా తప్పే.

ఉద్దానం కిడ్నీ రోగుల ఫోటోలు ఎలా తీయాలి?

కవిటి, సోంపేట, కంచిలి, పలాస, మందస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం. ఈ మండలాల్లో షుగరూ బీపీ లేనివాళ్లకు కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. నీళ్లు, ఎండలో పని, మందులు అంటూ ఎన్నో అనుమానాలున్నా కారణం ఇదీ అని తేలలేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబర్‌లో మొదలైంది. హిరమండలం రిజర్వాయర్ నుంచి తాగునీటి పథకం కూడా వచ్చింది.

ముందు కెమెరా లేకుండా వెళ్లండి. డయాలసిస్ నాలుగు గంటలు పడుతుంది, అంతసేపూ పక్కన కూర్చోండి. దానికోసం చేతిలో ధమనినీ సిరనూ కలిపి కుడతారు, దాన్నే ఫిస్టులా అంటారు. అక్కడ నరం తాడులా ఉబ్బి ఉంటుంది. ఒకాయన నా చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టాడు. లోపల తేనెటీగలు ముసిరినట్టు జుమ్మంటోంది. "ఇది ఆగితే నాను ఆగిపోనట్టే బాబూ" అన్నాడు. ఆ చేతి మీద బరువు పెట్టకూడదు, ఆ చేతికి బీపీ చూడకూడదు. ఇది తెలియని ఫోటోగ్రాఫర్ "ఆ చేత్తో బిందె ఎత్తి చూపించండి" అని అడిగేస్తాడు.

ఒకామె నన్ను అడిగింది: "ఫోటో తీస్తే మందులొస్తాయేటి?" రావమ్మా అని చెప్పాను. వస్తాయని ఎవరికీ ఎప్పుడూ ఆశ పెట్టకండి. పది మందికి తెలుస్తుంది, అధికారుల దాకా వెళ్లొచ్చు, వెళ్లకపోవచ్చు. అంతే నిజం. ఆమె కాసేపు ఆలోచించి, జడ సరిచేసుకుని, "అయితే తియ్యి" అంది.

క్యాప్షన్‌లో ఊరి పేరు రాస్తే ఏమవుతుంది?

చాలా అవుతుంది. నా ఉద్యోగంలో నన్ను ఎక్కువ బాధపెట్టిన సంగతి ఇదే.

ఫిస్టులా మీద నా చెయ్యి పెట్టిన ఆయన ఫోటోను ఒక పేపర్‌కు పంపాను. పేపర్ పేరు ఇక్కడ అనవసరం. పేరూ ఊరూ ఇద్దరివీ రాసి పంపాను, ఆయనదీ, పక్కన నిలబడ్డ కూతురిదీ. పేపర్ ఆఫీసు డెస్క్‌లో "మృత్యువు నీడలో కుటుంబం" అని హెడ్డింగ్ పెట్టారు. అప్పటికే ఆ అమ్మాయికి సంబంధం ఖాయమైంది. వారం తిరక్కుండా అవతలివాళ్లు తప్పుకున్నారు. కిడ్నీ ఊళ్ల పిల్లను చేసుకోవడానికి మిగతావాళ్లు జంకుతున్న రోజులవి. అది నాకు తెలిసి కూడా ఆ రోజు తట్టలేదు. ఆయన ఫోన్ చేసి కోప్పడలేదు. "మా అమ్మాయి పేరెందుకు రాసినావు బాబూ?" అని మాత్రం అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

అప్పటినుంచి ప్రతి ఫోటోకూ అడుగుతున్నాను. పేరు రాయొచ్చా, ఊరు రాయొచ్చా, మొహం చూపించొచ్చా, పిల్లలు ఫ్రేమ్‌లో ఉండొచ్చా. నాలుగూ విడివిడిగా అడగాలి. ఒకదానికి సరేనంటే నాలుగింటికీ సరేనన్నట్టు కాదు.

చట్టం ఏమంటుంది?

అత్యాచార బాధితుల ఆనవాళ్లు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 కింద నేరం. పాత శిక్షాస్మృతిలో ఇది 228ఏ. లైంగిక నేరాలకు గురైన పిల్లల గుర్తింపును పోక్సో సెక్షన్ 23, కేసుల్లో ఉన్న లేదా రక్షణ అవసరమైన పిల్లల గుర్తింపును జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 కాపాడతాయి. మొహం బ్లర్ చేసి, వెనక ఇల్లు, స్కూల్ యూనిఫాం వదిలేస్తే ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది. అది కూడా బయటపెట్టడమే.

ఎడిటింగ్ ఎంతవరకు చేయొచ్చు?

వెలుతురు, రంగు కాస్త సరిచేయొచ్చు, క్రాప్ చేయొచ్చు. ఉన్నదాన్ని తీసేయకూడదు, లేనిదాన్ని చేర్చకూడదు. వరల్డ్ ప్రెస్ ఫోటో వాళ్లు చివరి దశకు వచ్చినవాళ్ల నుంచి అసలు ఫైళ్లు తెప్పించుకుని పోల్చి చూస్తారు. 2015లో అలా చూసి, చివరి ముందు దశకు చేరినవాటిలో దాదాపు ఐదింట ఒక వంతు తీసేశారు. ఏఐతో తయారుచేసిన బొమ్మ వార్తా ఫోటో కాదు, దాని మీద చర్చ అనవసరం.

ఫోన్‌తో తీయొచ్చా?

తీయొచ్చు. దగ్గరికెళ్లి తీయండి, జూమ్ చేయకండి.

దీంట్లో బతుకు గడుస్తుందా?

దీని మీదే ఆధారపడితే కష్టం. మండల కంట్రిబ్యూటర్లకు ఇచ్చే లైన్ అకౌంట్, అంటే అచ్చయిన లైన్ల లెక్కన వచ్చే డబ్బు, పెట్రోల్‌కు సరిపోతే గొప్ప. పులిట్జర్ నగదు 15,000 డాలర్లు, కానీ అది ఎవరికో ఒకరికి. ఏ కాగితం మీదైనా సంతకం పెట్టే ముందు ఫోటో హక్కు ఎవరిదని రాసుందో చదవండి. జీతానికి పనిచేస్తే సాధారణంగా ప్రచురణ హక్కు పత్రికది. బయటి నుంచి పంపేవాళ్లు ఏమీ చూడకుండా అన్నీ రాసిచ్చేస్తున్నారు.

ఇవన్నీ చూశాక నిద్ర పడుతుందా?

కూనేరు తర్వాత నాకు నెలరోజులు పట్టలేదు. రైలు కూత వినిపిస్తే గుండె దడ. అప్పట్లో ఎవరికీ చెప్పలేదు, చెబితే చేతకానివాడు అంటారని. ఇంట్లో మా ఆవిడ పసిగట్టి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. మీరు ఆగకండి. 14416కు ఫోన్ చేస్తే టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌లో తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.

ఫోటో అచ్చయ్యాక మళ్లీ వాళ్ల దగ్గరికి వెళ్లాలా?

వెళ్లాలి. ప్రింట్ వేయించుకుని మరీ వెళ్లాలి. అవార్డు వచ్చినా రాకపోయినా, ఆ ఫోటో మొదటి కాపీ వాళ్లది.

క్యాప్షన్ విషయంలో నా వల్ల నష్టపోయిన ఆయన ఇంటికి మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి ఆయన బయటికి రాలేదు. రెండోసారి మంచినీళ్లిచ్చారు. మూడోసారి వెళ్లేసరికి ఆ అమ్మాయికి వేరే సంబంధం కుదిరింది, ఆయన మొహం తేటగా ఉంది. "ఈసారి నాకు నచ్చినట్టు తియ్యి" అన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, మెడ దాకా గుండీలు పెట్టుకుని, జీడితోటలోకి నడిచి ఒక చెట్టుకు ఆనుకున్నాడు. ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు, ఫిస్టులా కనిపించకుండా. తీశాను. ఏ పేపర్‌కూ పంపలేదు.

రెండేళ్ల తర్వాత ఒక పొద్దున వాళ్ల అబ్బాయి ఫోన్ చేశాడు. నాన్న పోయారు, ఇంట్లో ఫోటో అంటూ ఆధార్ కార్డు మీద ఉన్నదే, తోటలో తీసింది ఉందా అన్నాడు. కాశీబుగ్గ స్టూడియోలో పన్నెండు బై పద్దెనిమిది సైజులో వేయించడానికి ఇద్దరం కలిసి వెళ్లాం. స్టూడియో కుర్రాడు అలవాటు ప్రకారం మనిషిని కత్తిరించి వెనక నీలి రంగు పెట్టబోయాడు. తోట ఉంచమని ఆ అబ్బాయి చెప్పాడు.